ఆషాఢంలోనే దిగే అల్లుడు

కొత్తల్లుడు ఆషాఢంలో అత్తారింటి గడప తొక్కడు. గాలిమర అల్లుడికి ఆ పట్టింపు లేదు. నైరుతి గాలి లేచే జూన్‌లో దిగి సెప్టెంబరు దాకా కదలడు. ఏడాదిలో ఇచ్చే కరెంటు సగానికి పైగా ఆ నాలుగు నెలల్లోదే.

సరిగ్గా అప్పుడే జూరాలకు వరదొస్తుంది. శ్రీశైలం ఎడమగట్టున 900 మెగావాట్ల టర్బైన్లు నీళ్లున్నప్పుడే తిరగాలి. మంచి వాన పడితే పాలమూరు రైతు మోటరు జోలికే పోడు. అయినా అల్లుడిది ‘మస్ట్ రన్’ హోదా. ఆయన ఇచ్చిందంతా కొనాలి, థర్మల్ వాళ్లను తగ్గించుకోమనాలి. తగ్గినందుకు వాళ్లకు ఫిక్స్‌డ్ చార్జీలూ కట్టాలి. తిన్నవాడికీ పస్తున్నవాడికీ ఒకటే బిల్లు.

అసలు ఆకలి యాసంగిలో. 2025 మార్చిలో తెలంగాణ డిమాండ్ 17 వేల మెగావాట్లు దాటింది. నల్గొండలో వరి పొట్టకొచ్చి ఉంటుంది. రైతు స్టార్టర్ డబ్బా తెరిచి పచ్చ బటన్ నొక్కుతాడు. లోవోల్టేజీకి మోటరు మూలుగుతుంది తప్ప తిరగదు. అల్లుడుగారేరీ? రాష్ట్రం మొత్తానికి ఉన్న పవన విద్యుత్తు 128 మెగావాట్లు. అందులో నూరు పరిగి దగ్గరే. అదీ పేరుకు నూరు, ఏడాది సగటు తీస్తే పావు వంతు చేతికొస్తే గొప్ప. ఇల్లు నడిపేది దామరచర్ల థర్మల్ కేంద్రంలో బొగ్గు మసి పూసుకున్న పెద్దకొడుకే. ఫొటోలో మాత్రం అల్లుడుంటాడు.

కట్నం సంగతి కృష్ణ అవతలి వాళ్లను అడగండి. ఆంధ్రప్రదేశ్ యూనిట్‌కు 4.84 రూపాయల చొప్పున పాతికేళ్లకు రాసిచ్చింది. 2019లో ఇంటి పెద్ద మారాడు, అంత ఇవ్వలేనన్నాడు, 2.43 చాలన్నాడు. అల్లుడు హైకోర్టుకెక్కాడు. రాసిందంతా ఇవ్వాల్సిందేనని 2022 మార్చిలో తీర్పు. మీరైనా నేనైనా పిల్ల పెళ్లికి ఇలాంటి కాగితం మీద సంతకం పెడతామా?

తుంగభద్ర దాటితే రోళ్లపాడు, బట్టమేక పిట్ట కోసం 1988లో పెట్టిన అభయారణ్యం. ఆ పిట్ట బరువైనది, ఎదురుగా ఉన్న అల్లుడి కరెంటు తీగ దానికి సరిగా కనపడదు. రాజస్థాన్, గుజరాత్‌లలో దాని కోసం గాలి, సోలార్ సహా కరెంటు తీగలు భూమిలో పాతమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. సాధ్యం కాదని కేంద్రం మొత్తుకుంటే 2024లో ఆ ఆదేశం సడలించి కమిటీ వేసింది. పిట్టలు కమిటీ నివేదిక వచ్చేదాకా ఎగరకుండా ఉండాలనుకున్నారు కాబోలు.

ఇక పాతికేళ్లయ్యాక? పాత సామాన్లోన్ని పిలవండి. టవరు ఇనుము తూకానికి కొంటడు, రాగి బేరం లేకుండా కొంటడు. గాజునార, రెసిన్ కలిపి పోసిన రెక్కను మాత్రం ఓసారి తట్టి, ‘గిదేం జేస్కోవాలె పటేలా’ అని బండి తిప్పుకుంటడు. కింద పోసిన కాంక్రీటునైతే అడగనే అడగడు. 2030 నాటికి మరో 20 వేల మెగావాట్ల గ్రీన్ పవర్ తెస్తామంటున్న సార్లు, ఏ మిట్ట మీద గాలిమర నిలబెట్టే ముందైనా దాన్ని విప్పే ఖర్చు కంపెనీతో డిపాజిట్ కట్టించండి. రసీదు ఒక కాపీ ఊరి పంచాయతీలో పెట్టండి.