తడిచెత్త సాక్ష్యము

హైదరాబాదు నగరమున 2015వ సంవత్సరమునందు ఇంటింటికి ఒక ఆకుపచ్చ డబ్బాయు ఒక నీలి డబ్బాయు ఉచితముగా పంచిపెట్టి, మొదటిదానిలో తడిచెత్తయు రెండవదానిలో పొడిచెత్తయు వేయుడని నగరపాలక సంస్థవారు ప్రబోధించిన నాడు, మా భవనమునందలి గృహిణులు ఆ డబ్బాల నాణ్యమును తట్టి పరీక్షించి, ఇంత గట్టి సరుకును చెత్తపాలు చేయుట పాపమని నిశ్చయించి, ఒకదానిలో బియ్యమును, వేరొకదానిలో నీళ్లను నింపుకొని, చెత్తను మాత్రము ఎప్పటివలెనే పాలిథిన్ సంచిలో ముడివేసి పంపుచు వచ్చిరి. మరుసటి యేట కేంద్రప్రభుత్వము ఘనవ్యర్థ నిర్వహణ నియమములను వెలువరించి, 5,000 చదరపు మీటర్లకు మించిన ప్రహరీ నివాసములవారు తమ తడిచెత్తను సాధ్యమైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగా మార్చుకొనవలెనని శాసించినప్పుడును, మావారు ఆ శాసనమును నోటీసుబోర్డునకు అంటించి, దానిపై నీటి ట్యాంకరు బాకీల పట్టీని అంటించి, నిశ్చింతులై యుండిరి.

ఇట్టి మాయందు పర్యావరణభక్తిని పుట్టింపవలెనని, పదవీవిరమణ చేసిన రసాయనశాస్త్రపు మాస్టారొకరును, మిద్దెతోటలపై మోజుగల యువతులు కొందరును కలిసి హరితసంఘము నొకదానిని స్థాపించి, సెల్లారులో కుర్చీలు వేయించి, తొలి యుపన్యాసము నేర్పాటు చేసిరి. భూతాపము హెచ్చి, ధ్రువములయందలి మంచు కరిగి, సముద్రమట్టము పైకి వచ్చుచున్నదని మాస్టారు గద్గదస్వరముతో వర్ణించుచుండగా, మొదటి అంతస్తు ఆసామి లేచి, "మన సెల్లారుదాకా వస్తుందంటారా అండీ?" అని యడిగెను. హైదరాబాదు సముద్రమునకు 500 మీటర్లకు పైబడిన యెత్తున నున్నదని, సత్యసంధులు గనుక, మాస్టారు చెప్పివేసిరి. సభకు ప్రాణము లేచివచ్చెను; సమోసాలు తిని అందరును సుఖముగా ఇండ్లకు బోయిరి.

వాక్కు ఫలింపలేదని గ్రహించి సంఘమువారు క్రియకు దిగిరి. జనరేటరు గది వెనుక, గాలియాడుటకు సందులు విడిచిన ఇటుక తొట్లు కట్టించి, ఒక పాలు తడిచెత్తకు రెండు మూడు పాళ్ల ఎండుటాకు చొప్పున పొరలు పొరలుగా వేసి, పాలు తోడుపెట్టినట్లు పుల్లమజ్జిగలో బెల్లము కలిపి చిలకరించి, వారమున కొకమారు తిరుగవేయుచు వచ్చిరి. నాలుగైదు దినములలో ఆ రాశి నడిమిభాగము చేయి పెట్టరానంత వేడెక్కగా మాస్టారు మురిసిపోయిరి గాని, బుట్టలు తెచ్చి గుమ్మరించువారు పట్టుమని పదిండ్లవారు లేరైరి. ఆపై ప్లాస్టిక్కు కలియకుండ చూచుటకు దినమున కొక యింటివారు తొట్టెకడ నిలిచి బుట్టలను తనిఖీ చేయవలెనని వంతులు వేసిరి. దానితో కథ మారిపోయెను.

ఏలయన, మనుష్యుడు తన వృత్తాంతమును తన యిచ్చవచ్చినట్లు చెప్పుకొనవచ్చును. తడిచెత్తకు ఆ లౌక్యము లేదు. మధుమేహముచేత తీపి ముట్టనని పెండ్లివిందులలో విస్తరి ముందు ప్రతిజ్ఞలు చేయు పెద్దమనిషి బుట్టనుండి బంగినపల్లి టెంకలు దొరలెను. నెలల తరబడి మెయింటెనెన్సు చెల్లింపలేక దైన్యము నటించు గృహస్థుని యింటినుండి పిస్తా పెంకులు రాలెను. వీని నన్నిటిని తలదన్నినది నాలుగవ అంతస్తువారి బుట్ట. నిత్యము వాట్సాపులో శాకాహార మహిమను ప్రవచించు ఆ నిష్ఠాగరిష్ఠుని బుట్టను బోర్లించగా, కరివేపాకు రెమ్మల చాటునుండి కోడిగ్రుడ్ల పెంకులు వెలువడెను. చూచినవారు ఒకరి మొగము నొకరు చూచుకొనుచుండగా, లోకజ్ఞానము లేశమైనను లేని మాస్టారు ఒక పెంకును వ్రేళ్ల నడుమ ఎత్తిపట్టి, "భలే పని చేశారండీ! ఇదంతా కాల్షియం కార్బొనేటు. కాకపోతే ఇట్లా వేస్తే తొందరగా కలవదు. ఈసారి మెత్తగా పొడి చేసి పంపించండి" అని పదిమందిలో మెచ్చుకొనిరి. "గులాబీలకని మా పనిమనిషి తెచ్చిందండీ" అని ఆయన గొణిగెను. మరునాటి సాయంకాలమునకు ఆయన బాల్కనీలో గులాబీమొక్క వెలసెను.

ఆ దినము మొదలు తనిఖీ వంతులకై పోటీ యేర్పడెను. సెల్లారు మొగము చూడనివారు సైతము తెల్లవారకమునుపే తొట్టెకడ కావలి కాయసాగిరి. గుట్టుగలవారు మూడంతస్తుల మట్టికుండలు కొని తమ బాల్కనీలలోనే ఎరువు చేసికొనిరి. తేమ హెచ్చి కంపుకొట్టినచో ఎండుటాకు చల్లవలెనని, ఆవకాయ యుప్పును నూనెయు అందు పడరాదని, కొబ్బరిచిప్ప యొకంతట చివుకదని తెలిసికొనుటకై మాస్టారి గడప తొక్కనివారు లేరు. భూగోళమును గూర్చిన బెంగకంటె పొరుగింటిని గూర్చిన కుతూహలము బలీయమని నేనెరుగుదును గాని, అది ఎరువుగా కూడ మారునని యెరుగను. సంఘమువారు తమ వార్షిక నివేదికలో ఇదంతయు ఉపన్యాసముల ఫలమని వ్రాసికొనిరి. నేను ఖండింపలేదు, సమోసాలు బాగుండెను.

మా వాటాకు బాల్కనీ లేదు గనుక మా బుట్ట నేటికిని బహిరంగపరీక్షకు పోవలసినదే. "ఉండండి, అట్లాగే పట్టుకుపోతారేమిటి?" అని మా ఆవిడ గుమ్మమున నన్నాపి, రాత్రి కర్రీపాయింటునుండి తెచ్చిన గుత్తివంకాయ శేషమును అడుగునకు ద్రోసి, పైన బీరకాయ చెక్కు పరచి, ఒక్క క్షణము తేరిపార చూచి, మరల దానిని తీసివేసినది. "బీరచెక్కు పారేస్తున్నారా, పచ్చడి చేసుకోరా అంటారు. కాకరకాయ గింజలు వేయండి."