చామంతి రంగు చీర

పుట్టిన బిడ్డకి కొత్తబట్ట కట్టరు మన వైపు. గంజి పెట్టిన కొత్తబట్ట పసివొంటికి గరుకు, రంగు దిగుతుంది, తడి పీల్చదు. అందుకే కూతురు తొలికాన్పుకి వచ్చేలోపే అమ్మమ్మ కాబోయే ఆవిడ తన పాత నూలుచీరలు ఏరి, ఉతికి, ఎండబెట్టి, పొత్తిగుడ్డలుగా చింపి మూట కట్టి ఉంచేది. పుట్టింటివాళ్ళు చేసే ఏర్పాట్లలో మొదటిది ఆ మూటే. బీహారువాళ్ళ సుజని కూడా ఇలాంటిదే. అరిగిపోయిన చీరల్ని పొరలుగా వేసి, పుట్టబోయే బిడ్డను చుట్టడానికి ఇంటి ఆడవాళ్ళు కలిపి కుట్టేవారు.

అలాంటి మూట రాని తల్లులు ఆసుపత్రి వార్డులో చాలామందే ఉంటారు. వాళ్ళ కోసమే తెనాలిలో మా అత్తయ్యగారు చంటిపిల్లల బొంతలు కుట్టడం మొదలుపెట్టారు. నేను, పక్కింటి పిన్నిగారు ఆవిడకి తోడయ్యాం. చలికాలం వస్తే మా వసారా నిండా గుడ్డముక్కలే.

పని పైకి తేలికగానే కనిపిస్తుంది. కింద ఒక పాత నూలుచీర, మధ్యలో ఉతికి ఉతికి మెత్తబడిన పంచె, పైన రంగురంగుల ముక్కలు. చంటిపిల్లలకి మూడు పొరలు చాలు, అంతకు మించితే బరువు. గజం పొడవు, గజం వెడల్పు. కష్టమంతా ఆ పైపొర దగ్గరే. మారీసుపేటలో జాకెట్లు కుట్టే టైలరు ఒకాయన కత్తిరింపు ముక్కలన్నీ గోనెసంచిలో వేసి మాకోసం ఉంచుతాడు. సంచి నేలమీద కుమ్మరించగానే ముందు పాలిస్టరు ఏరి అవతల పడేస్తాం. అనుమానం వస్తే అత్తయ్యగారు ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటిస్తారు. నూలైతే కాగితం కాలిన వాసన వేసి బూడిదవుతుంది. పాలిస్టరైతే ముడుచుకుపోయి గట్టి పూస మిగులుతుంది. ఏరినవి వేడినీళ్ళలో నానాలి. దిగే రంగు అక్కడే దిగాలి, కుంచించుకుపోయే గుడ్డ అక్కడే కుంచించుకుపోవాలి.

ఆరిన ముక్కల్ని చాపమీద పరిచి రంగులు జత కలపడం నాకు రోజు మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన పని. ఉల్లిపొర రంగు పక్కన నేరేడుపండు రంగు పెడితే రెండూ నిగ్గుతేలతాయి. చిలకపచ్చ పక్కన వంగపండు పెడితే పడదు. మధ్యలో ఒక తెల్లముక్క వేస్తే రెండూ సర్దుకుంటాయి. దానం కోసం కుడుతున్నామని ఎవరైనా మెచ్చుకుంటే నాకు పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. ఆ మధ్యాహ్నాలు నాకూ కావాలి. సూది పట్టుకుని కూచుంటే ఇంటి గొడవలు వాటంతటవే పలచబడతాయి.

అత్తయ్యగారి నియమాలు గట్టివి. హుక్కు, గుండీ, చమ్కీ ఉన్న ముక్క పడకూడదు. దారం ముడి పొరల మధ్యలో దాగాలి. గుండుసూదులు మొదలుపెట్టేముందు ఎన్ని ఉన్నాయో, ముగించాక అన్నీ ఉండాలి. పూర్తయిన బొంతని రెండువైపులా తన చెంపకేసి రుద్ది చూసుకుంటేగాని కట్టలో పెట్టనివ్వరు. “ఆ బిడ్డ నోరు తెరిచి గుచ్చుకుందని చెప్పలేదు కదే,” అంటారు.

కార్తీకం వెళ్ళాక ఒక మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. వీధి అటూ ఇటూ చూసుకుని గబుక్కున లోపలికి వచ్చి, సంచిలోంచి ఒక చీర తీసి అత్తయ్యగారి ఒళ్ళో పెట్టింది.

చామంతి రంగు మంగళగిరి చీర. మంగళగిరి నేతకి అంచూ కొంగే అందం, ఒంట్లో బుటాలు ఉండవు. ఈ చీర ఒంటినిండా మాత్రం ఎవరో తీరిగ్గా పూలు కుట్టారు. ఇరవై పైచిలుకు ఉంటాయి. జరీ నలగలేదు, గుడ్డ ఎక్కడా పలచబడలేదు.

“ఇంత మంచి చీర కత్తెరకి ఎందుకమ్మా? ఇంకా పదేళ్ళు కట్టుకోవచ్చు,” అన్నారు అత్తయ్యగారు.

“ఇంక కట్టుకోనండీ. నేనే కత్తిరించి తెద్దామనుకున్నాను, చేతులు రాలేదు.”

“ఈ పూలు ఎవరు కుట్టారు?”

“మా అమ్మాయండీ. ఇంటర్ చదివేటప్పుడు, వేసవి సెలవుల్లో.”

“ఇప్పుడెక్కడుంది అమ్మాయి?”

“ఇంట్లో లేదండీ.”

అంతే, ఆ తర్వాత ఆవిడకి మాట రాలేదు. అత్తయ్యగారు నావైపు చూసి, ఇక ఏమీ అడగొద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు.

కాసేపటికి ఆవిడే తేరుకుని అడిగింది. “ఒక్క కోరికండీ. ఈ చీర అయిపోయేదాకా మీరు పెద్దాసుపత్రిలో ఇచ్చే ప్రతి బొంతలోనూ ఒక పువ్వు పడాలి. పువ్వు లేనిది ఒక్కటి కూడా ఇవ్వకండి.”

“మొక్కుకున్నావా?” అన్నారు పిన్నిగారు.

“అలాంటిదేననుకోండి. ధనుర్మాసమంతా ఇస్తారు కదా?”

“వారం వారం ఇస్తాం.”

ఆవిడ వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుంది. “సంక్రాంతి దాకా సరిపోతాయి,” అని లేచింది. ఊరు చెప్పలేదు, పేరు చెప్పలేదు.

ఆ సాయంత్రం ఒక పువ్వుని వెలుతురులో పెట్టి చూశాను. ఐదు రేకులు, నారింజ రంగు దారం, రెండు పోగులతో గొలుసుకుట్టు. నడుమ ఎర్రటి ముడి. ఐదో రేకు దగ్గరకి వచ్చేసరికి చోటు చాలక, అది మిగతా నాలుగింటికన్నా ఇరుకైపోయింది. పక్క పువ్వు చూశాను, అందులోనూ అంతే. తిరగేస్తే, దారం తెంపకుండా ఒక రేకు నుంచి ఇంకో రేకుకి లాగిన అడ్డపోగులు. “నేర్చుకునే చెయ్యి. ఓపిక మాత్రం ఉన్న పిల్ల,” అన్నారు అత్తయ్యగారు, ఎంతో ఆపేక్షగా.

అప్పుడు ఆవిడకి గీస్ బెండ్ సంగతి చెప్పాను. అమెరికాలో అలబామా రాష్ట్రంలో ఒక నది మెలికలో ఉన్న చిన్న ఊరు అది. ఒకప్పుడు బానిసలుగా బతికినవాళ్ళ వారసులు అక్కడ ఉంటారు. ఆ ఊరి ఆడవాళ్ళు చలికి తట్టుకోవడానికి చిరిగిన పనిబట్టలతో కుట్టుకున్న బొంతల్నే 2002లో హ్యూస్టన్‌లోనూ, తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోనూ గోడలకి తగిలించి ప్రదర్శించారు. 2006లో పోస్టల్ స్టాంపుల మీద కూడా వేశారు. ఆ ఊరి మిస్సోరీ పెట్‌వే అనే ఆవిడ 1942లో, భర్త పోయాక, అతను పొలానికి వేసుకెళ్ళిన బట్టలు విప్పదీసి బొంత కుట్టుకుంది. అతన్ని తలుచుకోవడానికి, అతని బట్టల వెచ్చదనంలో పడుకోవడానికి.

అత్తయ్యగారు చాలాసేపు ఏమీ అనలేదు. చీర మీద చేత్తో నిమిరి, “ఈ తల్లి కనీసం తను కప్పుకోవడానికైనా ఒక ముక్క ఉంచుకోలేదు చూడు,” అన్నారు. మర్నాటి నుంచి మేం మరింత శ్రద్ధగా కుట్టాం. పువ్వుని ఎప్పుడూ సరిగ్గా నడిమధ్యన వేసేవాళ్ళం, చుట్టూ ఎడం వదిలి, రేకుమీద కుట్టు పడకుండా.

ధనుర్మాసంలో వార్డుకి వెళితే మనసు నిండిపోతుంది. పుట్టిన బిడ్డ ఒంట్లో వేడి నిలవడం కష్టం. అందుకే ఒక రోజు గడిచేదాకా స్నానమే వద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. తల్లి గుండెలకి ఆనించి, పైన ఈ బొంత కప్పి, మొహం మాత్రం బయటకి ఉంచమని నర్సమ్మ చెబుతుంటే తల్లులు బుద్ధిగా వినేవాళ్ళు. బొంత చేతికివ్వగానే అందరి వేలూ ముందు ఆ పువ్వు మీదికే వెళ్ళేది. “పాత గుడ్డలైనా ఎంత కళగా ఉందో,” అంది ఒక నాయనమ్మ, దాన్ని కళ్ళకద్దుకుని.

మేం పంచి వచ్చిన మర్నాడల్లా ఆవిడ వచ్చేది. గుమ్మం దాటి లోపలికి కూడా వచ్చేది కాదు. అడిగేది ఒక్కటే.

“ఎవరైనా వద్దన్నారా అండీ?”

“నీ పువ్వుని కాదనేవాళ్ళెవరమ్మా? అందరూ సంతోషంగా తీసుకున్నారు,” అనేవారు అత్తయ్యగారు, ఆవిడ మనసు కుదుటపడాలని. ఆవిడ తలూపి వెళ్ళిపోయేది. ఆ మాట వినగానే మొహం వాడిపోయేది ఎందుకో.

భోగికి ముందు వారం చివరి కట్ట పట్టుకుని వెళ్ళాం. కిటికీ పక్క మంచం మీద ఒక అమ్మాయి దిండుకి ఆనుకుని కూచుని ఉంది, ఒళ్ళో బిడ్డ. ఆమె అత్తగారు కాబోలు, పక్కనే స్టూలుమీద కూచుని రొట్టె పాలల్లో ముంచి తినిపిస్తోంది. నేను బొంత విప్పి మంచంమీద పరిచాను. ఆ అమ్మాయి నవ్వుతూనే చెయ్యి చాపింది. వేలు ఒక్కొక్క రేకు మీదుగా నడిచి, ఐదో రేకు మీద ఆగిపోయింది.

“ఈ చీర ఎవరిచ్చారండీ?”

“ఒకావిడ ఇచ్చిందమ్మా. పేరు చెప్పలేదు.”

“ఈ పువ్వు నేను కుట్టింది.”

నా ఒళ్ళు జలదరించింది. పక్కమంచం దగ్గరున్న అత్తయ్యగారు గిరుక్కున తిరిగారు.

“నాకు నచ్చినతన్ని పెళ్ళి చేసుకుని, దణ్ణం పెట్టుకుందామని ఇంటికి వెళ్ళాం,” అంది ఆ అమ్మాయి, గొంతు పెంచకుండా. “నాన్న తిట్టారు, అన్నయ్య కొట్టబోయాడు. అవి అనుకున్నవే. తలుపు మూసి గడియపెట్టింది మాత్రం మా అమ్మ. అప్పుడు ఆవిడ ఒంటిమీద ఉంది ఈ చీరే.”

బొంతని నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చింది. “ఇది వద్దండీ. వేరేది ఏదైనా ఉంటే ఇవ్వండి.”

“అన్నిట్లోనూ ఈ పువ్వే ఉందమ్మా.”

“అన్నిట్లోనా?”

నా చంకలో ఉన్న కట్టవైపు చూసింది. పైనున్న బొంత, దాని కిందిది, ఆ కిందిది. చాలాసేపు చూసింది.

“చలిగా ఉంది, పెద్దవాళ్ళు తెచ్చారు, తీసుకోవే తల్లీ,” అంది అత్తగారు.

“అయితే నాకు బొంతే వద్దు,” అని ఆ అమ్మాయి తన చున్నీ తీసి బిడ్డకి చుట్టింది.

ఆ అమ్మాయిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. గడియ చప్పుడు విన్నది తను. అలాగని ఇన్ని బొంతల్లో తన్ను తాను ముక్కలుగా పంచుకున్న ఆ తల్లిని తలుచుకుంటే కడుపు తరుక్కుపోయింది. దారి పొడవునా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ అత్తయ్యగారు అన్నారు, “రేపు ఆవిడ వస్తుంది. అబద్ధం చెప్పడం నావల్ల కాదు. నిజం చెప్పడం అంతకన్నా కాదు.”

మర్నాడు ఆవిడ రానే వచ్చింది. ఎప్పటిలాగే గుమ్మం బయట నిలబడింది.

“ఎవరైనా వద్దన్నారా అండీ?”

అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేనే చెప్పాల్సి వచ్చింది.

“ఒకమ్మాయి తీసుకోలేదండీ.”

ఆవిడ గబగబా మెట్లెక్కి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. “ఎప్పుడు? నిన్నేనా? మనిషి ఎలా ఉంది? లేచి కూచోగలుగుతోందా?”

“కూచుంది. బాగానే ఉంది. పక్కన వాళ్ళ అత్తగారు ఉన్నారు, దగ్గరుండి తినిపిస్తున్నారు.”

“తినిపిస్తున్నారా!” మొహమంతా వెలిగిపోయింది ఆవిడకి. కళ్ళనుంచి కారే నీళ్ళు తుడుచుకోను కూడా లేదు.

అత్తయ్యగారు ఇక ఆపుకోలేకపోయారు. “పిచ్చితల్లీ, అది తీసుకుంటుందనే కదమ్మా ఇంత ఆశపడ్డావు...”

“తీసుకోదని తెలిసే ఆ చీర ఇచ్చానండీ,” అంది ఆవిడ. “నెలలు నిండాయని, పెద్దాసుపత్రిలోనే చూపించుకుంటోందని ఎవరో అనుకుంటుంటే విన్నాను. పేరుపెట్టి వాకబు చేస్తే మాట మా ఇంటికి చేరుతుంది. ఆ పువ్వుని వద్దనేది ఈ లోకంలో మా పిల్ల ఒక్కతే. ఇంక చెప్పండి... ఆడపిల్లా, మగపిల్లాడా?”