ప్లంబర్ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “పాత జీఐ అంతా పీకేసి, కన్సీల్డ్‌లో సీపీవీసీ వేసేద్దాం సార్. లైఫ్‌టైం గ్యారంటీ. ఇంక చూసుకోనక్కర్లేదు.”

ఈ వాక్యం హైదరాబాదులోనూ, విజయవాడలోనూ, విశాఖలోనూ అక్షరం తేడా లేకుండా వినబడుతుంది కనుకను, దీన్ని మొదట పలికినవాడెవరో ఎవరికీ తెలియదు కనుకను, గోడ చెమ్మగిల్లాక పలికినవాడు సైతం ఎవరికీ దొరకడు కనుకను, ఇది అపౌరుషేయమని, అనగా మనుష్యమాత్రుడెవడూ రచించనిదని, కొందరి మతం. వేదానికి అపౌరుషేయత్వం ప్రామాణ్యాన్ని ఇస్తే ఈ వాక్యానికి అది పూచీ లేకపోవడాన్ని ఇస్తుంది; కనుక వ్యాఖ్యానం అవసరమైంది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రచించిన మల్లినాథసూరి, మెదక్ సీమలోని కొల్చారం ఊరిపేరే ఇంటిపేరుగా గలవాడు, మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని నియమం పెట్టుకున్నాడు. ఆ నియమమే ఇక్కడా శిరోధార్యం.

“పాత” అనే పదం స్పష్టం.

“జీఐ” అనేది గాల్వనైజ్డ్ ఐరన్ అనే సమాసానికి సంక్షేపం. జింకు పూసిన ఇనుమని అర్థం. అందులో ఇనుమని లోకం అంటున్నది నిజానికి ఉక్కు కనుక ఉత్తరపదం రూఢి మాత్రమే. పూర్వపదం మరింత విచారించదగినది. ఇటలీలోని బొలోనా నగరంలో లూయీజీ గాల్వానీ అనే శరీరశాస్త్రజ్ఞుడు, చచ్చిన కప్ప కాళ్లకు రెండు వేర్వేరు లోహాలు తాకించినప్పుడు అవి ఎగిరిపడటం గమనించి, 1791లో ఆ సంగతి ప్రకటించాడు. ఆయన పేరు మొదట విద్యుత్తుకు అంటుకొని, అక్కడినుంచి ఇనుముకు జింకు పూసే పనికి పాకింది. ఆ పని ఏమిటంటే గొట్టాన్ని 450 డిగ్రీల వేడి దగ్గర కరిగి ఉన్న జింకులో ముంచి తీయడం. అందులో విద్యుత్తూ లేదు, కప్పా లేదు. అయినా ఆ పేరు బొత్తిగా వ్యర్థం కాదు. తడి తగిలినచోట రెండు లోహాలు కలిసి ఉంటే వాటిలో ఒకటి తాను కరిగి రెండోదాన్ని కాపాడుతుందన్నది గాల్వానీ కప్ప కాలితో మొదలైన విచారణలోనుంచే లోకానికి తెలిసివచ్చిన ధర్మం. ఇక్కడ కరిగేది జింకు, బతికేది ఇనుము. జింకుకు మన రసశాస్త్రంలో యశదమని పేరు. రాజస్థాన్‌లోని జావర్ గనుల దగ్గర, యూరప్ ఆ విద్య నేర్వడానికి కొన్ని వందల ఏళ్ల ముందే, మట్టి మూసల్లో దాన్ని ఆవిరిగా చేసి దింపేవారు. యశస్సును ఇచ్చేది యశదమని విడదీయడం వ్యుత్పత్తిగా నిలబడకపోవచ్చు గాని గొట్టం విషయంలో బాగా అతుకుతుంది: కీర్తి ఇనుముది, కరగడం జింకుది. అయితే ఈ త్యాగానికీ ఒక హద్దు ఉన్నది. నీటి వేడి 60 డిగ్రీలు దాటినప్పుడు కొన్ని రకాల నీళ్లలో ఈ సంబంధం తలకిందులై, జింకు నిబ్బరంగా ఉండి ఇనుమే కరగడం మొదలుపెడుతుంది. గీజరు నుంచి వచ్చే జీఐ గొట్టం ముందుగా పోవడానికి ఇదొక కారణం.

ముప్ఫై ఏళ్లు గోడలో ఉన్న అర ఇంచు జీఐ ముక్కను అడ్డంగా కోసి చూస్తే త్యాగం ముగిసిన తరువాతి స్థితి తెలుస్తుంది. పైన గొట్టం గొట్టంలాగే ఉంటుంది. లోపల మాత్రం ఎర్రమట్టి రంగులో పొరమీద పొరగా తుప్పు, దానిమీద బోరునీటి సున్నపు గార పేరుకొని, నడుమ పెన్సిల్ దూరేంత కన్నం, అదీ గుండ్రంగా కాక, మిగులుతుంది. వేలుతో గీస్తే పొడి రాలుతుంది. పొద్దున్నే కుళాయి తిప్పగానే ముందు వచ్చే టీ రంగు చెంబెడు నీళ్లు ఆ పొడి పుణ్యమే. కనుక “పీకేసి” అన్న మాటలో దోషం లేదు. దోషం తరువాత వస్తుంది.

“అంతా పీకేసి” అన్నచోట “పీకేసి” క్త్వార్థకం, అనగా ఒక పని ముగించి మరొకటి చేయడాన్ని తెలిపే అసమాపక క్రియ. దానికీ, వాక్యాన్ని ముగించే సమాపక క్రియకూ కర్త ఒక్కడే కావడం సామాన్య నియమం. ఆ సమాపక క్రియ “వేసేద్దాం”. తెలుగులో మేము వేరు, మనం వేరు; వినేవాణ్ణి విడిచిపెట్టేది మేము, కలుపుకొనేది మనం, ఈ “ద్దాం” మనం అనేదానికే చెల్లుతుంది. కనుక పీకడంలోనూ వేయడంలోనూ ఇంటి యజమానికి భాగం ఉన్నదని మూలం చాటుతున్నది. ఆయన సుత్తి పట్టడు, ఉలి పట్టడు, మరి ఆయన భాగమేమిటని శంక. సమాధానం: గొట్టాలు, ఎల్బోలు, టీలు, ఇత్తడి మరల ఫిట్టింగులు, సొల్యూషన్ డబ్బా, పగిలిన టైల్సు, ఆ రంగు టైల్సు ఇప్పుడు రావడం లేదు కనుక గోడ మొత్తానికి కొత్త టైల్సు, సిమెంటు, ఇసుక, చెత్త మోసుకుపోయే ఆటో. ఇక “పీకేసి”, “వేసేద్దాం” రెండింటిలోనూ ధాతువు వెనక “వేయు” అనుప్రయోగంగా, అనగా అసలు క్రియకు తోకగా, వచ్చింది. తినడం వేరు, తినేయడం వేరు. ఈ తోక తగిలిన పనికి చులకనా తొందరా రెండూ అబ్బుతాయి. వేయడాన్ని వేసేయడంగా మార్చినది ఈ తోకే, గోడల్లో గొట్టాలు కారడానికి సగం కారణమూ ఈ తోకే.

వాక్యం మొత్తం మీద నిజాయితీ గల పదం “అంతా”. సగం జీఐ ఉంచి సగం మార్చడం ఎంత కష్టమో పైపు రెంచీ పట్టినవాడికి తెలుసు: తుప్పు పట్టిన ఒక కీలును తిప్పబోతే అది కదలదు, దాని వెనక గోడలో ఉన్న రెండో కీలు విరుగుతుంది. ఉంచిన సగంలోని తుప్పు పొడి కొట్టుకొచ్చి కొత్త షవరు కన్నాలు మూసేస్తుంది. అయితే పని మూడో రోజుకు చేరేసరికి “అంతా” అనే పదానికి అర్థసంకోచం జరిగి, మేడమీది ట్యాంకు నుంచి దిగే గొట్టమూ, వంటింటి గట్టు వెనక గొట్టమూ “అది బానే ఉంది సార్” అనే వాక్యంలోకి జారుకుంటాయి.

“కన్సీల్డ్” అనగా గోడలో మరుగుపరచినది. మాయకు రెండు శక్తులని వేదాంతులు చెబుతారు: ఉన్నదాన్ని కప్పేది ఆవరణ శక్తి, లేనిచోట చూపేది విక్షేప శక్తి. కన్సీల్డ్ గొట్టంలో ఈ రెండూ సంపూర్ణంగా ఉన్నాయి. కారే కీలు రెండో అంతస్తు స్నానాలగదిలో ఆవృతమై ఉంటుంది, మరక మొదటి అంతస్తువారి పడకగది సీలింగు మీద విక్షిప్తమవుతుంది, పోట్లాట మెట్లమీద జరుగుతుంది. ఇది కొత్త వింత కూడా కాదు. గోల్కొండ కోటలో నీళ్లను పైకి చేర్చి పంచిన మట్టి గొట్టాలు గోడల్లో ఇప్పటికీ కనబడతాయి, గోడ కూలినచోట.

ఇక్కడ కుళాయి శబ్దాన్ని విచారించాలి. అది మూలంలో లేదు గదా అంటే, గొట్టం అన్నాక దాని కొస ఆకాంక్షితం, అనగా వాక్యం పూర్తిగా బోధపడటానికి కావలసినది, కనుక అధ్యాహారం చేసుకోవచ్చు; మల్లినాథుడి నియమానికి భంగం లేదు. శ్రీనాథుడు కన్నడ రాజ్యానికి వెళ్లినప్పుడు కుల్లాయి పెట్టుకోవలసి వచ్చిందని ఒక చాటువులో వాపోయాడు. అది పారసీక భాషలోనుంచి వచ్చిన టోపీ, దానికీ నీళ్లకూ సంబంధం లేదు, రెండూ ఒకటేనని ఎవరైనా అంటే వినకూడదు. మన కుళాయికి చుట్టం తమిళంలో ఉన్నది, అక్కడ ఆ మాటకు మొదటి అర్థం గొట్టమే. తెలంగాణలో నల్లా అంటారు. దాని మూలమైన నాళానికి బోలుకాడ అని అర్థం, అదీ గొట్టమే. కోస్తాలో పంపు అంటారు; అది నీళ్లు తోడే యంత్రం. గొట్టం పేరునో యంత్రం పేరునో తెచ్చి, తిప్పితే నీళ్లు వచ్చే కొసకు పెట్టుకున్నాం. కొస ఒక్కటే కళ్లకు కనబడుతుంది కనుక పేరంతా దానికే పోయింది. గొట్టం గోడలో మాత్రమే కాదు, భాషలో కూడా కన్సీల్డ్. ఈ సంగతి గ్రహించినవాడికి, ఇంటికి కుళాయిలు ఎంచడానికి నాలుగు దుకాణాలు తిరిగే గృహస్థు గొట్టం ఎంపికను ఫోనులో “నీకు మంచిదనిపించింది వెయ్యి” అనే నాలుగు మాటలతో ఎందుకు ముగిస్తాడో బోధపడుతుంది.

“సీపీవీసీ” అనేది క్లోరినేటెడ్ పాలీ వినైల్ క్లోరైడ్. మామూలు పీవీసీలో బరువుకు దాదాపు 57 శాతం క్లోరిన్ ఉంటే, మరికొంత ఎక్కించి దాన్ని 63 నుంచి 69 శాతానికి చేరిస్తే వేడిని ఓర్చుకొనే గుణం వస్తుంది. గొట్టాలకు వాడే మామూలు పీవీసీకి, అనగా యూపీవీసీకి, ఆ ఓర్పు లేదు. చన్నీళ్లకు అది చాలు, ధరా తక్కువ, గీజరు దారిలో మాత్రం పనికిరాదు. పీపీఆర్ అనే ఆకుపచ్చ గొట్టం మూడో మతం. దాన్ని అంటించరు, 260 డిగ్రీల దగ్గర కరిగించి అతుకుతారు, ఆ యంత్రాన్ని చేతిలో నిలకడగా పట్టగలవాడుంటే మంచిదే. దుకాణంలో వినిపించే ఒత్తిడి అంకెల సంగతి వేరు. ఎస్‌డీఆర్ 11 రకం, అనగా వ్యాసం గోడ మందానికి పదకొండు రెట్లు ఉన్న, సీపీవీసీ గొట్టం 23 డిగ్రీల దగ్గర చదరపు సెంటీమీటరుకు 28 కిలోల ఒత్తిడిని, 82 డిగ్రీల దగ్గర 7 కిలోల ఒత్తిడిని ఓర్చుకుంటుంది. మేడమీది ట్యాంకు మూడు మీటర్ల ఎత్తున ఉంటే, ప్రెషర్ పంపు లేని ఇంట్లో కుళాయి దగ్గర దొరికేది 0.3 కిలో. ఏనుగును కట్టే గొలుసుతో మేకను కట్టి, గొలుసు తెగలేదని మురిసినట్లు. తెగేది ఎక్కడంటే కీలు దగ్గర: యూపీవీసీ సొల్యూషన్ డబ్బాతోనే సీపీవీసీని అంటించినచోట, కోసిన అంచు బుర్రు గీకకుండా దూర్చినచోట, అంటించిన పావుగంటకే నీళ్లు వదిలినచోట, ప్లాస్టిక్ మరలో ఇత్తడి నిపుల్‌ను బలం కొద్దీ బిగించినచోట. ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా గొట్టం జాతికి సంబంధించిన దోషం కాదు. అయినా కారిన ప్రతిసారీ జాతినే తిట్టి, వచ్చేసారి వేరే జాతి వేయిస్తారు.

ఈ వాక్యపు వక్తను ప్లంబర్ అంటారు. లాటిన్‌లో ప్లంబమ్ అంటే సీసం. రోమన్ల గొట్టాలు సీసంతో చేసినవి కావడం వల్ల పనివాడికి ఆ పేరు. విట్రూవియస్ అనే రోమన్ వాస్తుకారుడు రెండు వేల ఏళ్ల కిందటే, సీసం పోతపోసేవాళ్ల ముఖాలు పాలిపోయి ఉండటం చూపి, మట్టి గొట్టాల నీళ్లే ఒంటికి మేలని రాశాడు. అమరకోశం సీసానికి నాగమని కూడా పేరు చెబుతుంది. ఆ పాము గొట్టాన్ని వదిలి పోయిందనుకుంటే పొరపాటు. పీవీసీ వేడికి చెడకుండా తయారీలో సీసపు లవణాలు కలపడం మొన్నమొన్నటిదాకా మామూలే; వాటిని తొలగించేందుకు కేంద్ర పర్యావరణ శాఖ 2021లో నియమాలు ప్రకటించింది. కాబట్టి గొట్టం మీది అచ్చు చదవాలి: చన్నీళ్ల యూపీవీసీకి ఐఎస్ 4985, సీపీవీసీకి ఐఎస్ 15778. ఆ అచ్చు లేని గొట్టం తక్కువకు వస్తుందన్న మాట వ్యాఖ్యానార్హం కూడా కాదు.

“లైఫ్‌టైం గ్యారంటీ” షష్ఠీ తత్పురుషమని చెప్పుకుంటే, ఎవరి జీవితకాలమన్నది తేలదు. గృహస్థు జీవితమా, గొట్టం జీవితమా, దుకాణం జీవితమా, వక్త ఫోను నంబరు జీవితమా? చివరిదే అన్నిటికంటే పొట్టిది కనుక అదే వివక్షితమని అనుభవజ్ఞుల సిద్ధాంతం. పూచీకత్తు కాగితం సన్నక్షరాల్లో ఉండేది సాధారణంగా ఇంతే: తయారీలో లోపం ఉన్న గొట్టానికి బదులు గొట్టం ఇస్తారు. అర మీటరు గొట్టానికి అర మీటరు గొట్టం. దాన్ని చేరుకోవడానికి పగలగొట్టిన టైల్సుకు, కూలికి, కింది అంతస్తువారి సీలింగుకు అందులో చోటు లేదు. కీలుకు అసలే లేదు. గొట్టం పూచీ కంపెనీది, కీలు పూచీ ఎవరిదో ఏ కాగితంలోనూ లేదు, కారేది కీలే.

“సార్” సంబోధన. వక్రోక్తి లేదు.

“ఇంక చూసుకోనక్కర్లేదు” అన్నచోట శ్లేష. చూడవలసిన అవసరం లేదని పైకి తోచే అర్థం. గోడ మూసేశాక చూడటానికి వీలు లేదన్నది లోపలి అర్థం. వక్త ఉద్దేశించినది మొదటిదే, సత్యమైనది రెండోది. చూడవలసిన సమయం ఒక్కటే ఉన్నది, గొట్టాలు అంటించి ఆరిన తరువాతా సిమెంటు పూయడానికి ముందూ. కొసలన్నీ మూసి, నీళ్లు నింపి, చేతిపంపుతో మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, మీటరు ముల్లు ఎక్కడుందో గీత గీసి, పొద్దున అది అక్కడే ఉందో లేదో పాఠకులు తామే చూడాలి. ఆ గోడకు టేపు ఆనించి ఫోటో తీసి ఉంచుకోవాలి. టైల్స్ మేస్త్రీ తనకు రేపు వేరే చోట పని ఉందంటాడు. ఒక్క రాత్రి ఆగమనండి.