నవంబరులోనే క్రిస్మసు

ఆంగ్లదేశపు వాయవ్యతీరమున నున్న బ్లాక్‌పూల్ పట్టణమున, 1894లో తెరువబడిన 518 అడుగుల గోపురమును, కడలిలోనికి చొచ్చుకొనిపోయిన మూడు వంతెనలును ఉండుటచే వేసవిలో జనమునకు కొదవ లేదు గాని, ఎముకలు కొరికెడి నవంబరు చలిలో గదులు నిండుటకై హోటళ్లవారు పన్నిన ఉపాయము బృహస్పతికైనను తట్టియుండదు. పింఛనుదారులను బస్సులనిండ దెచ్చి దింపుకొని, మంగళవారమో బుధవారమో క్రిస్మసనియు, మరి రెండుదినములకే సంవత్సరాంతమనియు చాటుదురు; దీనికి ‘టర్కీ అండ్ టిన్సెల్’ అని పేరు. తిథినిర్ణయమునకు పంచాంగముతో పని లేదు, బస్సు వేళల పట్టికయే ప్రమాణము!

వెలుపల ఐరిషు సముద్రపు గాలి గొడుగులను తిరగవేయుచుండగా, లోపల తాతలును అవ్వలును పలుచని కాగితపు కిరీటములు ధరించి, టర్కీ మాంసము ముందిడుకొని, ఒండొరులకు నూతన సంవత్సర శుభాకాంక్షలు తెల్పుకొందురు. (ఈ లెక్కన ఏడాదికి రెండేండ్ల వయస్సు మీరవలసినదే, పింఛను మాత్రము పెరుగదు.) మరునాడు ఉదయపు ఫలాహారము కాగానే, క్రొత్త సంవత్సరమున అడుగిడిన వీరందఱును పాత నవంబరులోనే బస్సెక్కి యిండ్లకు మరలుదురు; సోమవారము దిగబోవు మఱియొక బస్సువారికై హోటళ్లవారు పండుగ తోరణములను విప్పకయే యుంచుదురు.