తాకట్టు పట్టభద్రులు

అవసరం ముంచుకొస్తే మన ఇళ్లలో పుస్తెలతాడు తాకట్టు పెడతారు. అంతకన్నా విలువైన సరుకును కనిపెట్టిన ఘనత మాత్రం మన రెండు తెలుగు ప్రభుత్వాలదే. దాని పేరు ఒరిజినల్ సర్టిఫికెట్.

పద్ధతి తేలిక. కౌన్సెలింగ్‌లో సీటొచ్చిన బీసీ పిల్ల టెన్త్ మెమో మొదలు టీసీ దాకా అన్నీ కాలేజీకి అప్పగిస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం కింద ఫీజు మేం కడతామని సర్కారు అంటుంది. నాలుగేళ్లు గడుస్తాయి. పిల్ల పాసవుతుంది, సర్కారు ఫెయిలవుతుంది. కాగితాలు మాత్రం పిల్లవే కాలేజీ బీరువాలో ఉండిపోతాయి.

ఆఫీసు కిటికీ దగ్గర వినబడే మాటలివి:

"సార్, సోమవారం జాయినింగ్. ఒరిజినల్స్ కావాలి."

"నీ ఫీజు పడలేదమ్మా."

"గవర్నమెంట్ కట్టాలి కదా సార్?"

"కడుతుందిలే. ఈలోపు నువ్వు కట్టి తీస్కపో. పడ్డాక నీకిచ్చేస్తాం."

కట్టే స్తోమతే ఉంటే ఆదాయ సర్టిఫికెట్ కోసం మీసేవ చుట్టూ ఎందుకు తిరిగింది? తెలంగాణ పల్లెలో బీసీ ఇంటి ఆదాయం ఏడాదికి లక్షన్నర దాటకూడదని షరతు. దాటలేదని తహసీల్దారు ముద్రవేసి చెప్పిన ఇంటినే ఇప్పుడు బాకీ తీర్చమంటున్నారు! పైగా ఇంజినీరింగ్‌లో 10,000 లోపు ర్యాంకు రాని బీసీ పిల్లలకు మామూలుగా సర్కారు నుంచి 35,000 రూపాయలకు మించి రాదు. పేరున్న కాలేజీల ఫీజు లక్ష దాటి చాలా కాలమైంది. కోచింగ్‌కు డబ్బుల్లేక ర్యాంకు రాదు, ర్యాంకు రాలేదని డబ్బులివ్వరు. దీన్నే సమాన అవకాశం అనాలి కాబోలు.

ఆంధ్రలో ఇంకో ముచ్చట. డబ్బు తల్లి ఖాతాలో వేయాలా, కాలేజీ ఖాతాలోనా అని ఏళ్ల తరబడి తేల్చుకుంటూనే గడిపారు. 2020 డిసెంబరులో జీవో 77 తెచ్చి, ప్రైవేటు కాలేజీల్లో చేరే పీజీ పిల్లలను పథకంలోంచే తప్పించారు. ఇక వాళ్లకు ఖాతా గొడవే లేదు! ప్రభుత్వం మారితే పథకం పేరు మారుతుంది, ఫ్లెక్సీ మీద బొమ్మ మారుతుంది. బకాయికి మాత్రం పార్టీ లేదు.

ఫీజు బకాయి బిల్లుకు ట్రెజరీ టోకెన్ ఇస్తుంది. టోకెనంటే డబ్బు కాదు, ఆశకు వేసిన నంబరు. ఆ నంబర్లతో విసిగి 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బంద్‌కు దిగాయి. వాళ్ల కష్టం నిజమే, జీతాలివ్వాలి. కానీ యాజమాన్యానికి బంద్ చేసే సత్తా ఉంది, ఆ పిల్లకేముంది? ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగిచ్చేయాలని యూజీసీ 2018లోనే చెప్పింది. బీరువా తాళంచెవికి ఆ సంగతి ఇంకా తెలియనట్టుంది.

అయ్యా పాలకులారా, బాకీ మీది. పూచీకత్తుగా ఏదో ఒకటి బీరువాలో ఉండాల్సిందేనంటే మీ టెన్త్ మెమోలు పెట్టండి. ఆ పిల్లవి సోమవారంలోగా ఇప్పించండి.