డిష్షు దివిసీమ వైపే, చూపు మాత్రం పైకి

అబ్బాయ్, నాయకుడు గారి కొత్త బస్సు మీద డిష్షు బిగించే పని నీకు తగిలిందట. శుభం. లోపల సోఫా, మడత మంచం, బాత్రూము, గోడకు పెద్ద టీవీ, దాని కింద రికార్డింగు పెట్టె. ఈ సరంజామా అంతా ప్రజల్లో ఉండటానికేనని ఆయన మనుషులు చెబుతున్నారు. ఇంట్లో తలుపేసుకుని ప్రజలకు దూరంగా ఉండటం ఎవడికైనా చేతనవుతుంది. గుడివాడ నడిబొడ్డున, జనం చుట్టూ మూగి ఉండగా దూరంగా ఉండాలంటేనే సామగ్రి కావాలి. అది బిగించేది నువ్వు గనుక నాలుగు మాటలు చెప్పబుద్ధయింది.

ముందు దిక్కు సంగతి. 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న ఉపగ్రహాన్ని పట్టాలంటే గుడివాడలో డిష్షును దాదాపు దక్షిణానికి తిప్పాలి, తూర్పుకు ఓ ఏడు డిగ్రీలు వాల్చి. అక్కణ్ణించి నేలమీద గీత గీస్తే ఎటు పోతుందో ఎప్పుడైనా చూశావా? కోడూరు చుట్టుపక్కల నుంచి సముద్రంలోకి దిగుతుంది. అంటే బొమ్మ ఉన్నంతసేపూ అయ్యగారి డిష్షు దివిసీమ వైపే తిరిగి ఉంటుంది. "మా నాయకుడి దృష్టి ఎప్పుడూ దివిసీమ మీదే" అని కార్యకర్తలు మైకులో చెప్పుకోవచ్చు, అబద్ధం కాదు. కాకపోతే చూపు 70 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఉప్పునీళ్లు ఎక్కిన పొలాలూ, కరకట్టా, తాగునీటి బిందెల వరసా, అన్నిటి నెత్తిమీదుగా పోయి 36 వేల కిలోమీటర్ల అవతల ఆగుతుంది. అంత ఎత్తున చూసేదానికి కొబ్బరిచెట్లు కూడా అడ్డం రావు. మనుషులు అసలే రారు.

బండి నడుస్తుండగా కూడా బొమ్మ రావాలని ఆయన అడుగుతారు. దానికి డోము లాంటి మూతలో మోటార్ల మీద తిరిగే డిష్షు ఉంటుంది. బండి ఎటు తిరిగినా అది మాత్రం ఉపగ్రహాన్ని వదలదు. నా మాట విని అది పెట్టకు. మామూలు డిష్షు ఓ రెండు డిగ్రీలు పక్కకు జరిగితే చాలు, బొమ్మ గడులు గడులుగా చిట్లిపోతుంది. చేపల లారీలు తొక్కి పారేసిన రోడ్ల మీద మామూలు డిష్షుతో పోతే మలుపులో బొమ్మే ఉండదు సరే, తిన్నగా పోయినా గుంటకోసారి అయ్యగారి ముఖం ఆయన కళ్లెదుటే ముక్కలవుతుంది. మన రోడ్ల పరిస్థితి ఆయన దృష్టికి రావడానికి మిగిలిన దారి అదొక్కటే. అదీ మూసేయకు నాయనా.

ఇది ఫలానా పార్టీ మీద రాసింది కాదని నీకు వేరే చెప్పక్కర్లేదు. 2023 మార్చి 14న బందరుకు వారాహి అనే ప్రచార బండి వచ్చింది. 2024 ఎన్నికలకు ఇంకో పార్టీ బస్సు యాత్ర గుడివాడ మీదుగానే పోయింది. ఈ జిల్లాలో రథం లేకుండా రాజకీయం చేస్తానంటే టికెట్టు సంగతి తర్వాత, పెళ్లి పిలుపు కూడా రాదు. ఆ అలవాటు చేసింది నిమ్మకూరు ఎన్.టి.రామారావు గారు. 1982 మార్చి 29న ఆయన పార్టీ పెట్టారు. పన్నెండు రోజులకు, ఏప్రిల్ 10న, మన దేశపు ఇన్శాట్-1ఎ అమెరికా నుంచి పైకి లేచింది. పైనొకటి, కిందొకటి, రెండూ ఇంచుమించు ఒకేసారి బయల్దేరాయన్నమాట. పైది కోట్ల రూపాయల సరుకు. కిందిది పాత షెవర్లే వ్యాను, తోలింది కొడుకు హరికృష్ణ. సెప్టెంబరు వచ్చేసరికి ఉపగ్రహం ఇంధనం అయిపోయి మూలపడింది. షెవర్లే మాత్రం ఊరూరా తిరిగి 1983 జనవరికల్లా పెద్దాయన్ని ముఖ్యమంత్రి కుర్చీ దాకా దింపొచ్చింది. అదీ ఇల్లులాంటి బండే. అందులోనే పడక, రోడ్డు పక్కనే స్నానం. ఆయన ఎక్కి మాట్లాడింది దాని టాపు మీదనే. ఇప్పటి బండికి టాపు మీద డిష్షు ఉంది, నాయకుడు లోపల ఉన్నాడు.

ఇక టీవీలో ఆయన చూసేది ఏమిటంటావా? తననే. మెట్లెక్కి, జనానికి దండం పెట్టి, పది నిమిషాలు మాట్లాడి దిగుతారు. ఆ మాటలు చానెల్ వ్యాను లోంచి 36 వేల కిలోమీటర్లు పైకి పోయి ఎక్కడో స్టూడియోలో దిగుతాయి, అక్కణ్ణించి మళ్లీ అంత దూరం ఎక్కి దిగుతాయి, నువ్వు బిగించిన డిష్షులో పడి, ఆయన నిలబడ్డ చోటికి అయిదడుగుల కింద ఉన్న సోఫా ముందుకు చేరతాయి. ఈలోగా బస్సు కిటికీ పక్కన నాగాయలంక నుంచి వచ్చిన ఓ పెద్దాయన ఉంటాడు. అర్జీని తడవకుండా పాల ప్యాకెట్టు కవర్లో పెట్టుకుని పట్టుకొచ్చాడు. అద్దం మీద వేలి కణుపుతో తడతాడు. ఏసీకి నడిచే జనరేటరు హోరులో అది వినపడదు. మధ్యలో కర్టెను. ఆయనకూ అయ్యగారికీ దూరం చూస్తే మూరెడు లేదు.

రికార్డింగు పెట్టె గురించి కూడా తెలుసుకుని బిగించు. రెండు ట్యూనర్లున్న పెట్టె తెమ్మంటారు, ఒకటి చూస్తుండగానే ఇంకోటి దాచుకోవచ్చని. ఒక పార్టీలో కూర్చుని ఇంకో పార్టీని కనిపెట్టుకునేవాళ్లకు ఇంతకు మించిన యంత్రం లేదు. దీంట్లో ఒక తిరకాసుంది. చాలా డీటీహెచ్ పెట్టెల్లో దాచుకున్నది ఆ పెట్టెకే తాళం పడి ఉంటుంది, ఇంకో టీవీకి తగిలిస్తే రాదు. రీచార్జ్ అయిపోతే నిన్న దాచుకున్నది కూడా ఇవాళ తెరుచుకోదు. పోయిన ఎన్నికల్లో ఇచ్చిన హామీలు దాంట్లో పెట్టి ఉంటే మళ్లీ నోటిఫికేషన్ వచ్చినప్పుడే బయటికొస్తాయి. అప్పుడు కొత్తగానే ఉంటాయి, ఎవరూ వాడలేదు గదా. ఎదురుమొండి దీవులకు వంతెన అన్న మాట ఎన్నిసార్లు అలా బయటికొచ్చిందో అక్కడి రేవులో పంటు నడిపేవాణ్ణి అడుగు. అయ్యగారి బస్సు పంటు ఎక్కదు కాబట్టి ఆ దీవులకు ఆయన యాత్ర రేవు దాకానే.

అసలు చిక్కు వానతో. నువ్వు రోజూ చూసేదే, వాన దంచిందంటే టీవీ ఆగిపోతుంది. ఆ తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లు, లావుపాటి చినుకులు దాన్ని మధ్యలోనే మింగేస్తాయి. ఆకాశవాణి విజయవాడ మీడియం వేవ్ తరంగం వందల మీటర్లుంటుంది, దానికి చినుకు లెక్కేలేదు. తుపాను ముంచుకొచ్చే రాత్రి దివిసీమలో బ్యాటరీ రేడియో ఉన్న ముసలమ్మకు ఎప్పటికప్పుడు కబురు తెలుస్తుంది, లక్షలు పోసిన బస్సులో "సిగ్నల్ లేదు" అని తెర మీద పడుతుంది. దాన్ని అయ్యగారు ఎలా అర్థం చేసుకుంటారో నేను చెప్పగలను. వార్త లేదంటే నష్టం లేదు. నష్టం లేదంటే పడుకోవచ్చు.

1977 నవంబరు 19 నాడు ఉప్పెన దివిసీమ మీద పడి వేలమందిని పట్టుకుపోయింది. ఆ ఊళ్లలో ఒక్క డిష్షూ లేదు. రామారావు గారూ అక్కినేని నాగేశ్వరరావు గారూ బాధితుల కోసం జోలె పట్టి చందాలకు తిరిగారు. ఇవాళ ఇన్ని కళ్లున్నాయి. బందరులో వాతావరణ శాఖ డాప్లర్ రాడారు సముద్రం మీది మబ్బును వందల కిలోమీటర్ల నుంచి పసిగడుతుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటేముందు ఫోన్లు మోగాయి, జనాన్ని కదిలించారు. అదంతా ఉద్యోగస్తుల పని. మన బస్సు పని మర్నాడు మొదలవుతుంది. నీళ్లు మోకాలి లోతుకు తీశాక, ఎండ కాస్త పొడిచాక, డిష్షులో బొమ్మ నిలబడ్డాక, కెమెరా ముందు ప్యాంటు పైకి మడిచి దిగాలి. రికార్డింగు నొక్కడం మరిచిపోతే రెండోసారి దిగమంటారు. నీళ్లు ఆగవు కాబట్టి రెండో ఊరికి పోవాలి.

చివరగా నీ డబ్బు మాట. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు పరిమితి 40 లక్షలు. నీ డిష్షు, పెట్టె, ఇన్వర్టరు, రెండు బ్యాటరీలు లెక్కల్లో ఏ పేరుతో పడతాయో తెలీదు. మొన్నొకచోట ఇలాంటి బండికి వేసిన ఏసీ "అల్పాహారం" కింద పోయిందని చెప్పుకుంటున్నారు. బిల్లు తీసుకురా అంటే తీసుకెళ్లకు, కాగితం ఉంటే ఇచ్చిన మనిషి నువ్వు కాదంటారు. ఓడితే ఫోనెత్తరు. గెలిస్తే పీఏ ఎత్తుతాడు. పోలింగుకు ముందురోజు, నోట్ల కట్టలు చేతులు మారే గంటలో, నిచ్చెన భుజాన వేసుకుని పోయి గుమ్మంలో కూర్చో. ఆ పూట ఎవర్నీ ఖాళీ చేతులతో పంపరు.