ఊరు వదలని ఐవారు

మా మనవడికి నాగెల్స్‌మన్ అంటే దేవుడితో సమానం. జర్మనీవాడు, 1987లో పుట్టాడు. మోకాలు దెబ్బతిని ఇరవై ఏళ్లకే ఫుట్‌బాల్ ఆట మానుకున్నాడట. ఇరవై ఎనిమిదేళ్లకి హోఫెన్‌హైమ్ పెద్ద జట్టుకి కోచ్ అయ్యాడు. 2019లో లైప్‌జిగ్, 2021లో బయర్న్ మ్యూనిక్. 2023 మార్చిలో అక్కడ తీసేస్తే, అదే ఏడు సెప్టెంబరులో ఏకంగా దేశం జట్టే చేతికొచ్చింది. "చూడు తాతా, నలభై రాకముందే ఎన్ని చోట్ల చేశాడో!" అంటాడు వీడు. ఎన్ని చోట్ల చేశాడన్నది గొప్ప ఎట్లా అవుతుందిరా? ఎన్నాళ్లు చేశాడు, ఎవర్ని తయారుచేశాడు, అది చెప్పు అంటాను నేను.

మా రోజుల్లో కోచ్ అంటే ఐవారు. మాట వరసకి కాదు, నిజంగానే ఐవారు. హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబు బడిలో పాఠాలు చెప్పుకున్న మనిషి. 1909లో పుట్టారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయితే, 1963లో పోయేదాకా ఆయనే. సిటీ పోలీసు జట్టుకి నేర్పింది ఆయనే. ఆ పోలీసులు బొంబాయి పోయి 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు పట్టుకొచ్చారు. కలకత్తా పెద్ద క్లబ్బులు చూస్తూ ఉండాల్సి వచ్చింది.

ఇప్పటి పిల్లలకి నేను పదే పదే చెప్పేది 1952 సంగతి. హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లు యుగొస్లావియా చేతిలో 10-1తో ఓడారు. అక్కడి చలిలో, చాలామందికి కాళ్లకి బూట్లు కూడా లేవు. అప్పుడు కోచ్ రహీం సాబే. ఈ కాలం అయితే విమానం దిగకముందే ఉత్తరం చేతిలో పెట్టి పంపేస్తారు. అప్పుడు అట్లా చేయలేదు. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి, ఆడే తీరు మారింది. 1956లో మెల్‌బోర్న్‌కి మళ్లీ ఆయనే తీసుకుపోయారు. ఆస్ట్రేలియాని వాళ్ల దేశంలోనే 4-2తో కొట్టాం. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ వేశాడు. ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం! దాన్ని దాటింది ఈనాటిదాకా లేదు.

ఇక 1962 జకార్తా ఏషియాడ్. అప్పుడు మేం కుర్రాళ్లం, మరుసటి రోజు పేపరు కోసం మా విరించిపురం స్టేషన్‌లో కాచుకుని ఉండేవాళ్లం. మొదటి మ్యాచిలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. పోటీల మధ్యలో జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబు ఆ డిఫెండర్ని తీసుకుపోయి ముందువరసలో ఆడించారు. సెప్టెంబరు 4న ఫైనల్, మళ్లీ అదే కొరియా. స్టేడియం నిండా జనం మనమీద కేకలు. పి.కె. బెనర్జీ ఒకటి, కుట్లు వేసిన తలతోనే జర్నైల్ ఒకటి. 2-1తో బంగారం మనది. అప్పటికే రహీం సాబు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉంది. మరుసటేడు జూన్‌లో పోయారు.

ఆ ఫైనల్లో గోల్ కాచింది తంగరాజ్. హైదరాబాద్‌లో పుట్టినవాడు, మన మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టులో పేరు తెచ్చుకున్నవాడు. ముందు ఆడింది తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ పిల్లోడు, ఇంట్లో చిల్లిగవ్వ లేదు. ప్రాక్టీసుకి రాలేనంటే సైకిలు అమర్చిపెట్టింది రహీం సాబు. ఊళ్లో ఉన్న ఐవారికే తెలుస్తుంది ఏ పిల్లోడికి సైకిలు లేదో! నిన్న దిగి రేపు పోయే కోచ్‌కి వాడి పేరైనా గుర్తుండదు.

ఆయన పోటీలు పెట్టే తీరు చెబుతాను వినండి. ఒక పోటీలో బంతి కాలి దగ్గర పెట్టుకుని ఉరికేది లేదు, వచ్చిన బంతి వచ్చినట్టే ఇంకొకడికి ఇచ్చేయాలి. ఇంకో పోటీలో చేతకాని కాలితోనే ఆడాలి, కుడికాలివాడు ఎడమకాలితో. ఇవి ఒక సీజనులో ఫలితమిచ్చే పనులా? ఏళ్లు పడుతుంది. పచ్చడి ఊరినట్టు ఊరాలి.

మా వేలూరుకి సి.ఎం.సి. ఆసుపత్రికోసం కలకత్తానుంచి జనం వస్తూనే ఉంటారు. ఆ చుట్టుపక్కల వీధుల్లో బెంగాలీ బోర్డులు, బెంగాలీ హోటళ్లు. టీకొట్టు దగ్గర పెద్దవయసు బెంగాలీ కనబడితే నేను బలరాం పేరు ఎత్తుతాను. రోగం మాట మరిచిపోయి కూర్చుంటారు. ఈస్ట్ బెంగాల్ చొక్కాలో బలరాం ఆట గురించి, నయీముద్దీన్ గురించి చెబుతారు. నయీం కూడా హైదరాబాదీనే. 1970 బాంకాక్ ఏషియాడ్‌లో కంచు తెచ్చిన జట్టుకి నాయకుడు, తర్వాత కలకత్తా క్లబ్బులకీ ఢాకాకీ కోచ్. తిరిగిన మనిషే, కాదనను. కానీ తిరగడానికి ముందు ఒకచోట ఊరి వచ్చినవాడు.

ఇప్పుడు ఆ హైదరాబాద్ గతి చూడండి. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అని క్లబ్బు పెట్టారు. ఇంగ్లండునుంచి ఫిల్ బ్రౌన్ వచ్చాడు, తొలి సీజను ముగియకుండానే పంపేశారు. ఆల్బర్ట్ రోకాని మాట్లాడుకున్నారు, బార్సిలోనా పిలిస్తే అటు పోయాడు. 2020లో మనోలో మార్కెజ్ వచ్చి మూడు సీజన్లు ఉన్నాడు. ఉన్నాడు కాబట్టే 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐ.ఎస్.ఎల్. కప్పు తెచ్చాడు. ఆ రోజు కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపుతుంటే, ఈ వయసులో నేను లేచి నిలబడ్డాను. మరుసటేడు మనోలో గోవాకి పోయాడు. ఐర్లండునుంచి కంబోడియా మీదుగా కానర్ నెస్టర్ అనే చిన్న వయసు కోచ్ వచ్చాడు. స్వే రియెంగ్ జట్టుతో అక్కడి లీగ్ గెలిచినవాడే, ఇక్కడ ఎక్కువ రోజులు నిలవలేదు. ఎట్లా నిలుస్తాడు? జీతాలే సరిగ్గా అందని చోట ఎవరు మాత్రం ఉంటారు? చివరికి 2025లో క్లబ్బునే ఢిల్లీకి ఎత్తుకుపోయారు. కోచ్ ఊరు మారడం చూశాం, జట్టే ఊరు మారడం మా రోజుల్లో ఎవరైనా విన్నారా? రహీం సాబు ఊరికి పెద్ద లీగులో జట్టు లేకుండా పోయింది. నాకు దీనిమీద కోపం తగ్గదు.

కుర్రకోచ్‌లమీద కాదు నా కోపం. నాగెల్స్‌మన్ కథ సరిగ్గా చదివితే వాడూ నా పక్షమే. హోఫెన్‌హైమ్‌లో పిల్లల జట్లకి నేర్పుతూ ఏళ్లకేళ్లు అక్కడే ఉన్నాడు. 2014లో పందొమ్మిదేళ్లలోపు పిల్లల్ని దేశంలో మొదటి స్థానానికి తెచ్చాడు. ఆ తర్వాతే పెద్ద జట్టు. మా మనవడు ఆ ముక్క చదవడు, బయర్న్ అతనికోసం కట్టిన కోట్ల యూరోలే చదువుతాడు.

మా ఊళ్లో మార్గబంధు స్వామి గుడి వెనక, పాలారు ఇసకలో ఆడుకున్నాం మేం. ఉత్త కాళ్లతో. ఆంబూరు, వాణియంబాడి తోళ్లు ఓడలెక్కి పోతుండేవి, మా కాళ్లకి మాత్రం బూట్లు రాలేదు. అయినా సాయంత్రం అయ్యేసరికి డ్రిల్లు ఐవారు ఈలతో వచ్చి నిలబడేవారు, ఏళ్లతరబడి ఆయనే. ఇప్పుడు ఆ ఇసక లారీల్లో పోయింది, గుంతలు మిగిలాయి. పిల్లలు రోడ్డు పక్క పొలంలో ఆడుకుంటున్నారు, చూసే పెద్దవాడు లేడు.

మా మనవడు మొన్న కోచింగ్ లైసెన్సుకి మొదటి మెట్టు పాసయ్యాడు. బెంగళూరులో ఏదో అకాడమీకి పోతానంటున్నాడు, అక్కడినుంచి గోవా, అక్కడినుంచి ఇంకెక్కడికో. పోరా, కానీ ముందు ఈ పొలంలో పిల్లల్ని పట్టుకుని నాలుగేళ్లు ఉండు అన్నాను. ఒక సంవత్సరం ఉంటానంటాడు. ఒక్క సంవత్సరంలో పన్నెండేళ్ల పిల్లోడి ఎడమకాలు కుడికాలంత కాదు. నేను ఒప్పుకోను.